రుద్దకూడదట

శనివారం మూడు గంటలకి
గుణుపురం ఆస్పత్రి పాత స్టోరుగదిలో
సెలైన్ పెట్టెలు గోడకి నెట్టి
పదకొండు మందిమి కూర్చున్నాం, చెప్పులు బయట.
తెర లేదు. దుప్పటి కట్టారు.
మూలన ప్రసూతి వార్డు ముద్ర కనిపిస్తూనే ఉంది.

బరంపురం నుంచి వచ్చింది లిపికా సబర్.
ఒడియాలో మొదలెట్టి, నా మొహం చూసి
తెలుగులోకి దిగింది, మళ్ళీ ఎక్కింది.
ఈ ఊళ్ళో మాటలు అంతే,
వంశధారలో గేదెలు
మేత ఉన్న ఒడ్డుకల్లా పోతాయి.

దుప్పటి మీద ఒక మడమ,
పాలలాంటి తెలుపు, నడిమిన రూపాయంత ఎరుపు.
"ఇది దొరల మడమ.
మన మడమ మీద ఎరుపు కనబడదు" అని
తన నల్లటి కాలే ఎత్తి కుర్చీ మీద పెట్టింది.
"వేళ్ళ వెనకవైపుతో ముట్టుకోండి.
పక్కచోటు కంటే వేడిగా ఉందా, గట్టిగా ఉందా,
చేతినడగండి, కంటినడగొద్దు."
ఒక్కొక్కరం వెళ్ళి ఆ పిల్ల పాదం ముట్టుకున్నాం.
వయసులో నా కూతురంత.

తర్వాత అంది:
"రుద్దకూడదు.
స్పిరిటూ వద్దు, పౌడరూ వద్దు.
లోపల నలిగింది రుద్దితే ఇంకా నలుగుతుంది."

ఇరవయ్యారేళ్ళు రుద్దాను.
మేట్రన్ కురియన్ సిస్టర్ నా మణికట్టు పట్టుకుని నేర్పింది,
గుండ్రంగా, గుండ్రంగా, వేడి పుట్టేదాకా.
పౌడర్ వాసన నా చీరల్లోంచి
ఏ సబ్బుకీ పోయేది కాదు.

జీలుగు చెట్టు మీంచి పడి
నడుం కింద కదలిక పోయిన యోనా రయితా
మూడు నెలలు నా వార్డులో ఉన్నాడు.
సాయంత్రం సాయంత్రం అతని మడమలు ఒళ్ళో పెట్టుకుని రుద్దేదాన్ని.
"నీ చెయ్యి చల్లన, సిస్టరమ్మా" అనేవాడు, వచ్చీరాని తెలుగులో.
ఆ మడమే తెరుచుకుంది.
ఎముక కనపడిన రోజు అతన్నే కసురుకున్నాను,
సరిగ్గా పడుకోవు, చెప్పిన మాట వినవని.
సరే అన్నట్టు తలూపాడు.

లేచిన చెయ్యి నాదే.
"ఐతే ఇన్నాళ్ళూ మేం..."
ఆ పైన మాట రాలేదు.
లిపిక చాలాసేపు ఏమీ అనలేదు.
ఫ్యాను మాత్రం తిరిగింది.
"అప్పటికి తెలిసింది అంతే మేడమ్.
ఇదీ మారొచ్చు. మారితే మళ్ళీ వస్తాను."

టీ ఇచ్చారు. సర్టిఫికెట్టూ ఇచ్చారు.
పైడితల్లి అన్న పేరు ఒడియా అక్షరాల్లో
ఎవరో వేరే మనిషి పేరైంది.

ఆ రాత్రే డ్యూటీ.
ఏడో నంబర్ మంచం, ఎడమ పక్క చచ్చుబడ్డ ముసలమ్మ.
కోడలు కొబ్బరినూనె సీసా నా చేతిలో పెట్టింది.
"మడం కొద్దిగా రుద్దండమ్మా."
వద్దన్నాను. ఎందుకో చెప్పాను.
దానికి నమ్మకం కుదర్లేదు.
"మరి నర్సులేటి చేస్తారు?"

పక్కకి తిప్పుతాం.
పిక్కల కింద దిండు పెట్టి
మడమ దేనికీ ఆనకుండా గాల్లో వదుల్తాం.
ఎన్నింటికి ఏ పక్కకి తిప్పామో రాసుకుంటాం.
ఇదా వైద్యం, అన్నట్టు చూసింది.
నాకూ అలాగే ఉంది.
రుద్దినప్పుడు పని చేసినట్టుండేది,
ఊరుకుంటే ఏదో ఎగ్గొట్టినట్టుంది.
తలకి గంటలో ఎక్కిన పాఠం
బొటనవేలికి ఎప్పుడెక్కుతుందో.

రెండు గంటలకి కోడలూ నేనూ కలిసి తిప్పాం.
వేళ్ళ వెనకవైపు ఆనించాను.
వేడి లేదు. గట్టిగా లేదు.
కాగితం మీద రాశాను: రెండు, కుడి పక్క.
కింద ఖాళీ గళ్ళు, నాలుగు, ఆరు.
యోనాకి ఇలాంటి కాగితం ఒక్కటీ పెట్టలేదు.

నాలుక్కి ఫోన్లో గంట పెట్టుకుని
బల్ల మీద తల వాల్చాను.
మూడున్నరకే లేచిపోయింది చెయ్యి.